వేలిమందం నల్ల పొర: ఐస్‌లాండ్‌లో బూడిద తవ్వి, కడిగి, చదివిన నా అనుభవం

2024 జులై మొదటి వారం. దక్షిణ ఐస్‌లాండ్‌లో స్కాఫ్తార్తుంగా అనే చోట, వాగు గట్టు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని తాపీతో మట్టి గోడ గీకుతున్నాను. మన మేస్త్రీలు గోడ కట్టేటప్పుడు పట్టుకునే తాపీయే, కాస్త చిన్నది. ఒక మీటరు వెడల్పున గడ్డి, వేర్లు అన్నీ తీసేసి గోడను నున్నగా గీకితే లోపలి పొరలు బయటపడతాయి. గోధుమ రంగు మట్టి, నల్ల గీత, మళ్ళీ మట్టి, మళ్ళీ నల్ల గీత. మాది రాజమండ్రి కాబట్టి నాకు వెంటనే గుర్తొచ్చింది ఆత్రేయపురం పూతరేకును అడ్డంగా కోస్తే కనిపించే వరసలు. ఆ మట్టి గాలి మోసుకొచ్చి పోసింది. ఆ నల్ల గీతల్లో ఒక్కొక్కటీ ఒక్కో అగ్నిపర్వతం పేలినప్పుడు రాలిన బూడిద. మా రంగంలో దాన్ని టెఫ్రా అంటారు. సిగుర్దుర్ థోరారిన్సన్ అనే ఐస్‌లాండ్ శాస్త్రవేత్త 1944లో వాడుకలోకి తెచ్చిన మాట అది. ఈ పొరల్ని చూసి కాలం లెక్కపెట్టే పద్ధతికి పునాది వేసింది కూడా ఆయనే.

పైనుంచి జానెడు లోతులో ఉన్నది కాట్లా అగ్నిపర్వతం 1918లో విసిరిన పొర. బాగా కింద, గరుకుగా, మందంగా ఉన్నది అదే కాట్లా 1755లో విసిరింది. ఈ రెండూ ముందే అనుకున్నవి, అనుకున్న చోటే దొరికాయి. రెండిటికీ మధ్యలో నా చిటికెనవేలు మందాన ఇంకో నల్ల పొర ఉంది. నోట్‌బుక్‌లో దాని పక్కన "కాట్లా, 1823 కావచ్చు" అని రాసేశాను. కాట్లా 1823లోనూ 1860లోనూ చిన్నగా పేలింది కాబట్టి, మధ్యలో దొరికింది ఈ రెండిట్లో ఒకటై ఉంటుందని నా లెక్క. మా గైడ్ వచ్చి చూశారు. (ఇక్కడ ప్రొఫెసర్లను కూడా పేరు పెట్టే పిలుస్తారు, నాకు మాత్రం ఆరు నెలల దాకా నోరు రాలేదు, ఇప్పటికీ మనసులో మేడమ్ అనే అనుకుంటాను.) ఆవిడ అది చదివి, "దీన్ని కాట్లా అని ఎందుకు అన్నావు?" అని అడిగారు.

"నల్లగా ఉంది కదా."

"ఇక్కడ దాదాపు అన్నీ నల్లగానే ఉంటాయి. విడిగా సంచిలో వెయ్యి, నెంబర్ రాయి, చూద్దాం" అన్నారు.

ఆ ఒక్క సంచి నాకు దాదాపు ఏడాది పని పెట్టింది. ఇలాంటి పని గురించి తెలుగులో నాకు పెద్దగా ఏమీ దొరకలేదు కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మొదట నేను ఇక్కడికి ఎలా వచ్చానో చెప్పాలి. నాన్న గౌరీపట్నం వైపు ఒక క్రషర్‌లో సూపర్‌వైజర్. చిన్నప్పటినుంచీ మా ఇంట్లో మాటలన్నీ నల్లరాయి, లారీ, క్వారీ చుట్టూనే. ఆ నల్లరాయి ఒకప్పటి లావా అని నాకు విశాఖలో ఎమ్మెస్సీ జియాలజీలో చేరాకే తెలిసింది. అంతకుముందే, 2010 ఏప్రిల్‌లో, మా మేనమామ లండన్‌లో చిక్కుకుపోయాడు. ఎక్కడో ఐస్‌లాండ్‌లో కొండ పేలితే లండన్ నుంచి విమానాలు ఎందుకు ఆగాయో ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు. ఆ వారంలో యూరప్ మీద దాదాపు లక్ష విమానాలు రద్దయ్యాయని తర్వాత చదివాను. అప్పటికి స్కూల్లో ఉన్నాను. ఆ ప్రశ్న మాత్రం నా వెంటే వచ్చింది, ఆఖరికి 2023 ఆగస్టులో పై చదువు పేరుతో నన్ను ఐస్‌లాండ్ రాజధాని రేక్యావిక్‌లో దింపింది.

ఐస్‌లాండ్ మన తెలంగాణ కన్నా కాస్త చిన్న దేశం, జనం 4 లక్షల లోపు. అట్లాంటిక్ సముద్రం అడుగున ఉత్తరం నుంచి దక్షిణం దాకా ఒక పొడవాటి పర్వతశ్రేణి ఉంది, భూమి పలకలు రెండు విడిపోయే చోటు అది. ఆ గీత నీళ్ళ మీదికి తేలి నేలగా కనిపించే చోటు ఐస్‌లాండ్. ఉత్తర అమెరికా పలక ఒకవైపు, యూరేషియా పలక ఇంకోవైపు, ఏడాదికి దాదాపు 2 సెంటీమీటర్ల చొప్పున దూరం జరుగుతున్నాయి. నేను పుట్టాక ఈ దేశం అర మీటరు దాకా వెడల్పయిందన్నమాట. దీనికి తోడు దేశం మధ్యలో, వత్నయోకుల్ అనే పెద్ద హిమానీనదం కింద, భూమి లోతుల నుంచి వేడి రాయి ఒక స్తంభంలా పైకి వస్తోంది. దేశంలో పదో వంతు నేల మంచు కింద ఉంది. అంటే పలకలు చీలేదీ, వేడి పొంగేదీ, మంచు కప్పేదీ చాలాచోట్ల ఒకే నేల మీద.

పుస్తకంలో చదివితే ఇది మూడు అధ్యాయాలు. ఇక్కడ ఉంటే అలా విడిగా కనిపించదు. వచ్చిన మూడు నెలలకే, 2023 నవంబర్ 10 రాత్రి, గదిలో మంచం కదలడం మొదలైంది. కొద్దిగా ఆగి మళ్ళీ. రేక్యావిక్‌కు నైరుతిగా గ్రిండావిక్ అనే చిన్న ఊరి కింద మాగ్మా (భూమి లోపలి కరిగిన రాయి) పగుళ్ళలోకి దూసుకెళ్తోందని, ఊరు మొత్తం ఖాళీ చేయిస్తున్నారని వార్త. దాదాపు 4 వేల మంది రాత్రికి రాత్రి బయటికి వచ్చేశారు. అమ్మ ఫోన్ చేసి "అక్కడ నేల పగిలిందంట కదమ్మా, వచ్చెయ్యి" అని ఏడ్చింది. నాకూ టెన్షన్‌గానే ఉంది, కానీ అమ్మకి చెప్పలేదు. ఆ ప్రాంతం దాదాపు 800 ఏళ్ళు నిద్రపోయి 2021 మార్చిలో లేచింది. పలకలు విడిపోతూ ఉంటే ఆ లాగుడు ఏళ్ళ తరబడి రాయిలో పేరుకుని ఒక రాత్రి తెగుతుంది. తెగిన సందులోకి మాగ్మా వచ్చి కూర్చుంటుంది. 2 సెంటీమీటర్ల సగటు వెనుక ఇలాంటి రాత్రులు ఉన్నాయని ఆ రోజే నాకు ఎక్కింది.

ఇక నా పని. కాట్లా అనే అగ్నిపర్వతం మిర్‌దాల్స్‌యోకుల్ హిమానీనదం కింద ఉంది, పైనుంచి చూస్తే తెల్లటి మంచు మైదానం తప్ప కొండ అని తెలియదు. దాని నోటి మీద మంచు కొన్నిచోట్ల 700 మీటర్ల మందం. మేము మంచు అంచు దగ్గర సోల్‌హేమయోకుల్ అనే మంచు నాలుక మీదికి ఒక రోజు నడిచాం. బూట్ల కింద ఇనుప ముళ్ళ పట్టీలు, నడుముకు తాడు, చేతిలో ఐస్ గొడ్డలి. నేను తెల్లటి మంచు ఊహించుకుని వెళ్ళాను, అక్కడ సగం నల్లగా ఉంది. పాత పేలుళ్ళ బూడిద మంచులో పూడుకుపోయి, మంచు కరుగుతుంటే మళ్ళీ పైకి తేలుతోంది. మనిషి ఎత్తు నల్ల గుట్టలు కనిపించాయి, బూడిద కుప్పలనుకుని గొడ్డలితో కొట్టాను. రెండంగుళాల బూడిద కింద గట్టి మంచు! పల్చటి బూడిద ఎండను పీల్చి మంచును తొందరగా కరిగిస్తుంది, అదే బూడిద మందంగా ఉంటే ఊక కప్పిన ఐసుగడ్డలా మంచును కాపాడుతుంది. చుట్టూ కరిగిపోయి, బూడిద కప్పుకున్నది గుట్టగా మిగులుతుంది. అక్కడి నుంచి వచ్చే ఏటి దగ్గర కుళ్ళిన కోడిగుడ్డు వాసన వస్తుంది. ఆ ఏటికి పాతకాలం నుంచీ "కంపు వాగు" అనే అర్థం వచ్చే పేరు ఉంది. కింద కాట్లా వేడికి మంచు అడుగు ఎప్పుడూ కొంత కరుగుతూనే ఉంటుంది, ఆ నీటితో పాటే గంధకం వాయువు వస్తుంది. వాసన పెరిగితే జాగ్రత్తపడాలని మా గైడ్ మొదటి రోజే చెప్పారు.

మేము ఫీల్డ్ ముగించుకుని వచ్చేసిన కొన్ని వారాలకే, జులై 27న, అదే హిమానీనదం కింద నుంచి వరద వచ్చి స్కాల్మ్ నది పొంగి, మేము రోజూ తిరిగిన మెయిన్ రోడ్డు మీదికి ఎక్కింది. అది వాన తెచ్చిన వరద కాదు.

సంచులు 41 తెచ్చాం. ల్యాబ్ పని మొదలైంది. ముందు కడగడం. బీకరులో నీళ్ళు పోసి, అల్ట్రాసోనిక్ తొట్టెలో పెట్టి, మట్టి తేలగానే వంచేయడం, మళ్ళీ నీళ్ళు, మళ్ళీ వంచడం. బియ్యం కడిగినట్టే, కాకపోతే ఒక్కో సంచికి పదిహేనుసార్లు. తర్వాత జల్లెడ. 125 మైక్రాన్ల జల్లెడ (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), దాని కింద 63 మైక్రాన్ల జల్లెడ, రెండిటి మధ్య ఆగిన రేణువులు నాకు కావాలి. ఓవెన్‌లో తక్కువ వేడి మీద ఆరబెట్టాక సూక్ష్మదర్శిని కింద పెట్టి మొదటిసారి చూసినప్పుడు ఒళ్ళు జలదరించింది. బూడిద అని మనం అంటాం కానీ అది కాలిపోగా మిగిలిన బూడిద కాదు, గాజు. తేనె రంగులో, ముదురు గోధుమ రంగులో పగిలిన గాజు పెంకులు.

గాజు ఎందుకు అంటే, పంచదార పాకం గుర్తుచేసుకోండి. ఉండ పాకం వచ్చిందో లేదో చూడ్డానికి ఒక చుక్క చల్లనీళ్ళలో వేస్తాం కదా, అది టక్కున గట్టిపడుతుంది, పలుకు కట్టే తీరిక దానికి ఉండదు. అదే పాకం గిన్నెలో వదిలేస్తే పలుకు కడుతుంది. 1,100 డిగ్రీల పైన ఉన్న మాగ్మా మంచునీళ్ళను తగిలినప్పుడు మొదటిది జరుగుతుంది. నీళ్ళు ఒక్కసారిగా ఆవిరై వ్యాకోచిస్తాయి, మాగ్మా తునాతునకలవుతుంది, ఒక్కో తునక స్ఫటికాలు పెరిగేలోపే గాజుగా బిగుసుకుపోతుంది. ఆ రోజు భూమి లోపల మాగ్మా ఎలా ఉందో ఆ గాజులో అలాగే నిలిచిపోతుంది. నెమ్మదిగా చల్లారిన మా ఊరి నల్లరాయిలో స్ఫటికాలు నిండిపోయి ఉంటాయి, మూల ద్రవం ఏమిటో అంత సులువుగా చెప్పదు. కాట్లా రేణువులు చాలావరకు గళ్ళు గళ్ళుగా, ఇటుక ముక్కల్లా ఉన్నాయి, నీళ్ళు తగిలి పగిలిన గుర్తు అది. నా చిటికెనవేలి పొర రేణువుల్లో బుడగల ఖాళీలు ఎక్కువ. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది. రాలేదు, ఒకే కొండ ఒక్కోసారి ఒక్కోలా పేలుతుందిలే అనుకుని సర్దుకున్నాను.

తర్వాతి మెట్టు నన్ను బాగా ఏడిపించింది. ఆ రేణువుల్ని ఎపాక్సీ జిగురులో పోసి, గట్టిపడ్డాక పైభాగం అరగదీసి, ఒక్కో రేణువు లోపలి భాగం అద్దంలా బయటపడేదాకా పాలిష్ చేయాలి. ముందు ఎమరీ పేపరు, తర్వాత డైమండ్ పేస్టు 6 మైక్రాన్లు, 3, 1, చివరికి పావు మైక్రాన్. చేతిలో ఒత్తిడి కాస్త ఎక్కువైతే రేణువు ఊడిపోతుంది. మొదటి నాలుగు బిళ్ళలు తయారుచేయడానికి మూడు వారాలు పట్టింది, నాలుగిట్లోనూ జిగురులో గాలి బుడగలు, సగం రేణువులు ఊడిపోయి గుంటలు. మళ్ళీ మొదటి నుంచి, ఈసారి జిగురు పోశాక వాక్యూమ్‌లో పెట్టి గాలి లాగేసి చేశాను. నాన్న ఫోన్‌లో వింటూ "మా క్రషర్‌లో అయితే రాయిని చూసి దయ చూపించరు, నువ్వు ఇసకరేణువును నిమురుతున్నావు" అన్నాడు. నిజంగా నిమరడమే.

పాలిష్ అయ్యాక దాని మీద కంటికి కనపడనంత పల్చగా కార్బన్ పూత పూసి ఎలక్ట్రాన్ మైక్రోప్రోబ్ అనే యంత్రంలో పెడతాం. అది రేణువు మీదికి ఎలక్ట్రాన్ల ధార వదులుతుంది, రేణువులోని ఒక్కో మూలకం తనదైన ఎక్స్-రే విడుదల చేస్తుంది, దాన్నిబట్టి సిలికా ఎంత, ఇనుము ఎంత, టైటానియం ఎంత అని శాతాల్లో తేలుతుంది. ఒక్కో చుక్కకు నాలుగు నిమిషాల దాకా. పొరకు కనీసం 20 రేణువులు. నాకు దొరికింది రాత్రి స్లాటు. మొదటి రాత్రి సోడియం విలువలు వింతగా తక్కువ వస్తున్నాయి, శాతాలన్నీ కూడితే 100 దగ్గరికి రావాల్సింది 95 దాటడం లేదు. తెల్లారుజామున మూడింటికి ల్యాబ్ టెక్నీషియన్‌కు మెసేజ్ పెట్టాను. పాపం ఆయన లేచి వచ్చారు. ధారను సూదిమొనలా పెట్టాను, ఆ వేడికి గాజులోని సోడియం పక్కకు జరిగిపోతోంది. ధార వెడల్పు 10 మైక్రాన్లకు పెంచి, సోడియాన్నే మొదట కొలిచేలా వరస మార్చి, విలువలు ముందే తెలిసిన ప్రామాణిక గాజును కొలిచి సరిచూసుకుని మళ్ళీ మొదలుపెట్టాం. అప్పుడు 99 వచ్చింది. నా దగ్గరున్న పులిహోర ఆయనకూ పెట్టాను, ఇద్దరం కంట్రోల్ రూమ్ బయట మెట్ల మీద కూర్చుని తిన్నాం.

నా చిటికెనవేలి పొర వంతు మూడో రాత్రి వచ్చింది. 1918 కాట్లా పొరలో టైటానియం ఆక్సైడ్ 4.5 శాతం చుట్టూ వచ్చింది, పొటాషియం ఆక్సైడ్ 0.8 దగ్గర, సిలికా 47. 1755 కూడా అంతే, ఒక ఇంటి పిల్లల్లాగా. మధ్య పొర మొదటి చుక్క: టైటానియం 3 శాతం. మూలకాల వరస తప్పు చూశానేమో అనుకుని ఇంకో రేణువు కొలిచాను. 2.9. ఇంకోటి. 3. పొటాషియం 0.45 దగ్గర, సిలికా 50కి చేరువ. 24 రేణువులూ అదే మాట చెప్పాయి. అది కాట్లా కానే కాదు.

ఆ తేడా ఎందుకు వస్తుందో అర్థం కావాలంటే కాఫీ ఫిల్టర్ చాలు. పొడి మీద కొద్దిగా వేడినీళ్ళు పోస్తే దిగే మొదటి డికాక్షన్ చిక్కగా ఉంటుంది, సారమంతా దానిలోకే దిగుతుంది. ఎక్కువ నీళ్ళు పోస్తే డికాక్షన్ ఎక్కువ వస్తుంది కానీ పల్చబడుతుంది. భూమి లోపలి రాయి కరగడం కూడా అంతే. టైటానియం, పొటాషియం లాంటివి రాయి స్ఫటికాల్లో ఇమడలేక, కొంచెం కరుగు మొదలవగానే ముందుగా ద్రవంలోకి దూకేస్తాయి. పలకలు బాగా విడిపోతున్న చోట కింది రాయి పైకి ఎక్కువగా లేస్తుంది, ఒత్తిడి తగ్గి ఎక్కువ భాగం కరుగుతుంది, డికాక్షన్ పల్చన. కాట్లా ఉన్న దక్షిణ కొసలో చీలిక ఇంకా పూర్తిగా తెరుచుకోలేదు, అక్కడ తక్కువ కరుగుతుంది, ఎక్కువ లోతులో కరుగుతుంది, అందుకే డికాక్షన్ చిక్కన. అంటే నా బిళ్ళలో వెంట్రుక మందం గాజు పెంకులోని టైటానియం, దాని కింద పలకలు ఎంత తెరుచుకున్నాయో చెబుతోంది. ఆ రాత్రి నేను కుర్చీలో వెనక్కి వాలి చాలాసేపు స్క్రీన్ వైపే చూస్తూ ఉండిపోయాను.

మధ్య పొర రసాయనం గ్రిమ్స్‌వోట్న్ కుటుంబానిది, అది వత్నయోకుల్ కింద ఉన్న వ్యవస్థ. కుటుంబం తెలిసింది, ఏ సంవత్సరమో రసాయనం ఒక్కటే చెప్పదు. పొర ఉన్న చోటు చెప్పాలి. 1755కి పైన, 1918కి కింద, ఈ ప్రాంతంలో వేలిమందం రాలగలిగినది. మేడమ్ నా గ్రాఫు చూసి, పెన్ను పక్కన పెట్టి, "లాకి" అన్నారు.

1783 జూన్ 8. వత్నయోకుల్‌కు నైరుతిన, అదే గ్రిమ్స్‌వోట్న్ వ్యవస్థకు చెందిన లాకి దగ్గర నేల 27 కిలోమీటర్ల పొడవున చీలి, ఎనిమిది నెలల పాటు లావా కక్కింది. 14 ఘనపు కిలోమీటర్లకు పైగా లావా, 12 కోట్ల టన్నుల సల్ఫర్ డయాక్సైడ్. మంచు అడ్డు పెద్దగా లేని నేల కాబట్టి లావా ఫౌంటెన్లలా లేచింది, నా రేణువుల్లో బుడగలు ఎందుకు ఎక్కువో అప్పుడు అర్థమైంది. లావా కన్నా ఎక్కువ మందిని చంపింది వాయువులు. ఫ్లోరిన్ గడ్డిలోకి చేరి సగానికి పైగా పశువులు పోయాయి, ఆ వెనకే కరువు, దేశ జనాభాలో ఐదో వంతు మంది చనిపోయారు. ఆ రోజుల్ని ఇక్కడ "పొగమంచు కష్టాలు" అని ఇప్పటికీ పిలుస్తారు. మేము తవ్విన చోటికి దగ్గర్లోనే ఒక ఊళ్ళో జోన్ స్టేన్‌గ్రిమ్‌సన్ అనే పాస్టర్ జులై 20న చర్చిలో జనాన్ని కూర్చోబెట్టి ప్రార్థన చేస్తుంటే లావా ఊరి దాకా రాకుండా ఆగిందని చెబుతారు. ఆయన ఆ రోజులన్నీ రాసిపెట్టాడు. నేను 1823 అని పెన్సిల్‌తో రాసి వదిలేసిన పొర అది. నోట్‌బుక్‌లో ఆ మాట చెరపలేదు, కొట్టేసి పక్కన కొత్తది రాశాను, పద్ధతి అదే.

మేనమామ ప్రశ్నకు జవాబు కూడా ఈ పనిలోనే దొరికింది. 2010లో ఎయాఫ్యాట్లయోకుల్ అనే అగ్నిపర్వతం రెండుసార్లు పేలింది. మార్చిలో మంచు లేని పక్కనుంచి వచ్చింది బసాల్ట్, అంటే మా ఊరి నల్లరాయి లాంటి లావా, సిలికా 47 శాతం, పల్చగా పారింది, జనం దగ్గరికి వెళ్ళి ఫోటోలు తీసుకున్నారు. ఆ బసాల్టే లోపల పాతకాలం నుంచి మిగిలి ఉన్న సిలికా ఎక్కువున్న మాగ్మాను కదిలించింది, రెండూ కలిసి ఏప్రిల్ 14న శిఖరం మంచు కిందనుంచి లేచాయి, ఇప్పుడు సిలికా 58 శాతం దాకా. సిలికా పెరిగితే మాగ్మా జిగురుగా మారి వాయువుల్ని సులువుగా వదలదు, పగిలితే సన్నగా పగులుతుంది. పైనుంచి 200 మీటర్ల మంచు. గాలి యూరప్ వైపు. సన్నని గాజు పొడి విమానం ఇంజన్‌లోకి వెళ్తే అక్కడి వేడికి మళ్ళీ కరిగి బ్లేడ్లకు అతుక్కుంటుంది. ఈ సంగతి మామయ్యకు చెప్తే, "పద్నాలుగేళ్ళకి చెప్పావమ్మా" అని సంతోషపడ్డాడు.

థీసిస్ రాస్తూ మధ్యలో ఒక వారాంతం స్కేడరార్సాందుర్ వెళ్ళాను. అది వత్నయోకుల్ ముందు పరుచుకున్న నల్ల ఇసుక మైదానం, కనుచూపు మేర చెట్టు లేదు. రోడ్డు పక్కన రెండు ఉక్కు దూలాలు తాడు మెలిపెట్టినట్టు వంగిపోయి నిలబడి ఉన్నాయి. 1996 సెప్టెంబర్ 30న మంచు కింద, 500 మీటర్లకు పైగా లోతున, గ్యాల్ప్ అనే చోట పేలుడు మొదలైంది. 13 రోజుల్లో దాదాపు 3 ఘనపు కిలోమీటర్ల మంచు కరిగింది. ఆ నీళ్ళు వెంటనే బయటికి రాలేదు, మంచు కిందే గ్రిమ్స్‌వోట్న్ చెరువులోకి చేరి ఐదు వారాలు నిండుతూ కూర్చున్నాయి. మంచు తేలుతుంది కదా, నీటిమట్టం ఒక హద్దు దాటగానే ఆనకట్టలా ఉన్న మంచు పైకి లేచింది. నవంబర్ 5న వరద మైదానం మీద పడింది. దీన్ని ఇక్కడ యోకుల్‌హ్లౌప్ అంటారు, హిమానీనదం పరుగు అని అర్థం. శిఖర స్థాయిలో సెకనుకు 45 వేల ఘనపు మీటర్లు.

గోదావరి పక్కన పుట్టినవాళ్ళకి ఘనపు మీటర్లలో చెబితే ఎక్కదు. అది దాదాపు 16 లక్షల క్యూసెక్కులు. ధవళేశ్వరంలో రెండో ప్రమాద హెచ్చరిక 13 లక్షలకి, మూడోది 17 లక్షలకి ఇస్తారు. మూడు లక్షల చదరపు కిలోమీటర్లకు పైగా పరీవాహకం, వారాల తరబడి వానలు ఉంటే గోదావరికి వచ్చే నీరది. ఇక్కడ ఒక్క మంచు కొండ కింద నుంచి, ఒక్క చుక్క వాన లేకుండా, ఒక్క రోజులో వచ్చింది. మొత్తం నీరు 100 టీఎంసీల పైమాటే, రెండు రోజుల్లో సముద్రంలో కలిసింది. లారీలంత మంచుగడ్డలు కొట్టుకొచ్చి వంతెనల్ని కూల్చాయి. రోడ్డు ముందే మూసేశారు కాబట్టి ఒక్కరూ చనిపోలేదు. 1918లో కాట్లా నుంచి వచ్చిన వరద సెకనుకు 3 లక్షల ఘనపు మీటర్ల దాకా ఉండొచ్చని పరిశోధకుల అంచనా. 1986లో ధవళేశ్వరం చూసిన 35 లక్షల క్యూసెక్కులకు అది మూడు రెట్లు. నానమ్మ 1986 వరద గురించి చెబుతుంటే కథలా విన్నదాన్ని, ఆ దూలం మీద చేయి పెట్టి నిలబడితే ఆవిడ గొంతే వినిపించింది.

ఇంకొక్క సంగతి చెప్పకుండా ఉండలేను. మంచు కింద నుంచి వేడి వస్తే మంచు కరుగుతుంది, అది అందరికీ తోచేదే. మంచు పోతే కింద మాగ్మా పెరుగుతుందన్నది నాకు ఇక్కడికి వచ్చేదాకా తెలియదు. కుక్కర్‌లో నీళ్ళు వందకు పైన వేడెక్కినా ఒత్తిడి వల్ల ఆగి ఉంటాయి, విజిల్ పైకెత్తితే ఒక్కసారిగా మరుగుతాయి. భూమి లోపలి వేడి రాయి కూడా పైనున్న బరువు వల్లే గట్టిగా ఉంటుంది. మంచుయుగం ముగిసి ఐస్‌లాండ్ మీద కిలోమీటరు, కొన్నిచోట్ల అంతకన్నా మందం మంచు కరిగిపోయినప్పుడు అగ్నిపర్వతాల ఉత్పత్తి మామూలు కన్నా 30 రెట్ల దాకా పెరిగింది. చిన్న మోతాదులో 2004లో కూడా అదే జరిగింది. గ్రిమ్స్‌వోట్న్ చెరువు వరదగా ఖాళీ అయింది, బరువు తగ్గింది, రెండు మూడు రోజుల్లో కొండ పేలింది. ఇప్పుడు వత్నయోకుల్ ఏటా పల్చబడుతుంటే చుట్టూ నేల పైకి లేస్తోంది, కొన్నిచోట్ల ఏడాదికి 2 సెంటీమీటర్ల పైనే. పలకలు పక్కకు జరిగే వేగంతో నేల పైకి జరుగుతోంది. హోప్న్ అనే ఊళ్ళో పడవలు వచ్చే దారి లోతు తగ్గుతుందేమోనని జాలరులకు బెంగ. వేడెక్కుతున్న వాతావరణం గురించి మనం వానలు, ఎండలు అనే మాట్లాడుకుంటాం, అది రాళ్ళ లోపలి దాకా వెళ్తుందని తెలిసినప్పుడు నాకు భయమేసింది.

థీసిస్ 2025 మేలో ఇచ్చాను. లాకి పొర దానిలో నాలుగు పేజీలు. ఆ వారం నాన్నకి వీడియో కాల్‌లో ఆ గ్రాఫు చూపించి, ఒక గుంపు చుక్కలు ఇక్కడ, ఇంకో గుంపు అక్కడ, మధ్యలో ఒక్కటి కూడా లేదు చూడు నాన్నా అని చెప్పాను. ఆయన చాలాసేపు చూసి, "మరి మన రాయి ఎక్కడిదమ్మా?" అన్నాడు.

చెప్పాను. కాటేరులో, గౌరీపట్నంలో, పంగిడిలో తవ్వే నల్లరాయి దాదాపు ఆరున్నర కోట్ల ఏళ్ళ కిందటిది. దాని రసాయనం మహాబలేశ్వర్ వైపు పడమటి కనుమల్లో ఉన్న లావాతో సరిపోలుతుందని పరిశోధకులు చూపించారు. అక్కడ పుట్టిన లావా పాత నదీలోయల వెంట వెయ్యి కిలోమీటర్ల దాకా పారి మన సముద్రతీరానికి వచ్చి ఆగిందంటారు. అది తెలిసింది కూడా నేను చేసిన లాంటి పనితోనే, మూలకాలు కొలిచి పోల్చి. ముప్ఫై ఏళ్ళుగా ఆ రాయిని టన్నుల లెక్కన లారీలకు ఎత్తించిన మనిషి ఏమీ అనలేదు. "మహాబలేశ్వరమా" అని ఒక్కసారి అన్నాడు.

పోయిన నెల అమ్మ పంపిన పార్శిల్ వచ్చింది. ఆవకాయ, కందిపొడి, సున్నుండలు, అడుగున ఈనాడు పేపర్లో చుట్టిన పిడికెడు నల్లరాయి. పేపరు మీద నాన్న రాతలో "కాటేరు, తూర్పు గోడ, కింది వరస" అని ఉంది. శాంపిల్ మీద చోటు, దిక్కు, వరస రాయాలని నేను ఎప్పుడూ ఆయనకి చెప్పలేదు. రాయిని నిన్న కోయడానికి ఇచ్చాను, పల్చటి ముక్క చేసి పాలిష్ పెట్టాలి. మైక్రోప్రోబ్ స్లాటు వచ్చే గురువారం రాత్రి దొరికింది.